నియమం ఎవరిది? చాకిరి ఎవరిది?

నల్లగొండలో గానీ మహబూబ్‌నగర్‌లో గానీ ఈ మధ్య ఏ సాహిత్య సభకు పోయినా చివర్లో ఒక ప్రశ్న వస్తున్నది. వెనక వరసలోంచి ఒక పిల్లగాడో పిల్లనో లేచి, "సార్, మంచిగ రాయాలంటే ఏం చెయ్యాలె?" అని అడుగుతారు. వేదిక మీది పెద్దల జవాబు కూడా ఎప్పుడూ ఒకటే. పొద్దున నాలుగున్నరకు లేవాలి. రోజూ అదే వేళకు, అదే చోట కూర్చోవాలి. పేజీ నిండినా నిండకపోయినా లేవకూడదు. నియమం పాటిస్తే సృజన దానంతట అదే వస్తుంది. ఈ జవాబుకు ఒకరు బ్రహ్మముహూర్తం మహిమ జోడిస్తారు, ఇంకొకరు విదేశీ రచయితల కాఫీ కప్పుల కథలు, సాయంకాలపు నడకల కథలు జోడిస్తారు. సభ చప్పట్లు కొడుతుంది. అడిగిన పిల్ల కూర్చుంటుంది.

ఆ పిల్ల ముఖం చూసినప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది. ఎందుకంటే ఆమె నాలుగున్నరకే లేచింది. వాకిలి ఊడ్చి, నీళ్ళు పట్టి, తమ్ముణ్ణి బడికి తయారుచేసి, బస్సు పట్టుకుని ఈ సభకు వచ్చింది. తెల్లవారుజామున లేవడమే రచనకు మూలమైతే మన పల్లెల్లో ఇంటికొక కవయిత్రి ఉండేది.

దినచర్యే సృజనకు తల్లి అన్న ఈ సిద్ధాంతం తప్పు. కొంత తప్పు, కొంత ఒప్పు అని సర్దిచెప్పడానికి నాకు మనసు రావడం లేదు. దాని పునాదిలోనే ఒక మనిషిని దాచిపెట్టారు. ఆ మనిషిని బయటికి తీసి చూపించాలన్నదే నా ప్రయత్నం.

ముందు ఆ వాదానికి ఉన్న గట్టి ఆధారాన్నే చూద్దాం. మేసన్ కరీ అనే అమెరికన్ రచయిత 2013లో రచయితల, చిత్రకారుల, సంగీతకారుల దినచర్యల మీద ఒక పుస్తకం తెచ్చాడు. 161 మంది ఎప్పుడు లేచారు, ఏం తాగారు, ఎన్ని గంటలు పని చేశారు అన్నది అందులో ఉంది. మన వక్తలు చెప్పే కథలు చాలావరకు అందులోవో, అలాంటి పుస్తకాల్లోవో. ఇంగ్లండుకు చెందిన నవలాకారుడు ఆంథొనీ ట్రోలప్ పేరు వీటిలో తప్పక వస్తుంది. తపాలా శాఖలో ఉద్యోగం చేస్తూనే ఆయన 47 నవలలు రాశాడు. పొద్దున ఐదున్నరకల్లా బల్ల ముందు ఉండేవాడు. గడియారం ఎదురుగా పెట్టుకుని పావుగంటకు 250 మాటల లెక్కన రాసేవాడు. నియమవాదులకు ఇంతకంటే మంచి సాక్షి దొరకడు.

కానీ ట్రోలప్ తన ఆత్మకథలో ఇంకో సంగతి కూడా రాశాడు, మన సభల్లో దాన్ని ఎవరూ చెప్పరు. ఆ వేళకు ఆయన్ని లేపడానికి, కాఫీ తెచ్చి ఇవ్వడానికి ఇంట్లో ఒక ముసలి పనివాడు ఉండేవాడు. ఆ పని కోసం అతనికి ఏడాదికి అదనంగా ఐదు పౌన్లు ఇచ్చేవాడు. అతను ఒక్కరోజు కూడా ఆలస్యం చేయలేదట. తన విజయానికి అందరికంటే ఎక్కువ ఆ మనిషికే రుణపడి ఉన్నానేమో అని ట్రోలప్ నిజాయితీగా ఒప్పుకున్నాడు. ఐదున్నరకు ట్రోలప్ బల్ల ముందు ఉండాలంటే ఆ పనివాడు ఎన్ని గంటలకు లేవాలి? పొయ్యి రాజేసి, నీళ్ళు కాచి, మెట్లెక్కి రావాలి కదా. ఆ ఇంట్లో నియమాన్ని అందరికంటే కఠినంగా పాటించినవాడు అతనే. 47 నవలల్లో ఒక్కదాని మీదా అతని పేరు లేదు. అతను ఏమీ రాయలేదు.

కరీ పుస్తకంలోని 161 మందిలో స్త్రీలు 27 మందే. ఈ లోటును ఆయన తానే గుర్తించి 2019లో స్త్రీల దినచర్యల మీద విడిగా ఇంకో పుస్తకం తెచ్చాడు. ఆ అంకె ఊరికే వచ్చింది కాదు. రోజుకు మూడు గంటలు తలుపు వేసుకుని కూర్చునే మనిషికి అవతల అన్నం వండేవాళ్ళు, పిల్లల్ని ఎత్తుకునేవాళ్ళు, వచ్చినవాళ్ళకు జవాబు చెప్పేవాళ్ళు కావాలి. మన తెలుగు రచయితల జీవితచరిత్రల్లో కూడా "ఆయన రాసుకుంటుంటే ఇంట్లో ఎవరూ చప్పుడు చేసేవాళ్ళు కాదు" అనే వాక్యం భక్తిగా కనబడుతుంది. చప్పుడు చెయ్యకుండా ఆ ఇంటిని నడిపిన మనిషి గురించి మరో వాక్యం చాలాసార్లు కనబడదు.

ఇప్పుడు మా నేలకు వస్తాను.

చిన్నప్పుడు సెలవులకు పోచంపల్లి పక్క ఊళ్ళో మా మేనత్త ఇంటికి పోయేవాణ్ణి. నేను లేచేసరికే ఆమె ఆసు ముందు కూర్చుని ఉండేది. ఇవతల ఒక కొయ్య, అవతల అర్ధచంద్రాకారంలో వరసగా మేకులు. చేతిలోని పట్టుదారాన్ని ఇవతలి కొయ్య చుట్టూ తిప్పి అవతలి మేకుకు, మళ్ళీ ఇవతలికి, మళ్ళీ పక్క మేకుకు. దీన్నే ఆసు పోయడం అంటారు. ఇట్లా పోసిన దారం మీదే గీతలు గీసి, రబ్బరు పట్టీలతో ముడులు కట్టి, రంగులో ముంచుతారు. కట్టిన చోట రంగు అంటదు. ఆ దారం మగ్గం మీద పేకగా పడినప్పుడు ఏనుగో చిలుకో పువ్వో తేలుతుంది. లోకం పోచంపల్లి చీర అని మెచ్చుకునేదానికి మొదటి అడుగు ఆసు. ఒక చీరకు చేయి సుమారు 9,000 సార్లు అటూ ఇటూ ఆడాలి. నాలుగైదు గంటలు పడుతుంది. రోజుకు రెండు చీరలకు పోస్తే 18,000 సార్లు. "అత్తా, చెయ్యి నొవ్వదా?" అని ఒకసారి అడిగాను. "నొస్తది బిడ్డా. రాత్రి ఏ పక్కకు ఒరిగినా భుజం గుంజుతది" అన్నది. చెయ్యి మాత్రం ఆపలేదు.

నియమవాదులు కోరే లక్షణాలన్నీ ఆసు దగ్గర ఉన్నాయి. అదే వేళ, అదే చోటు, అదే కదలిక, ఏళ్ళ తరబడి ఒక్కరోజు కూడా తప్పని పట్టుదల. మరి మా మేనత్తను కళాకారిణి అని ఎవరూ అనలేదే. ఆసు పోసి పోసి ఆమెకు కొత్త డిజైన్ ఏదీ తట్టలేదు. తట్టడానికి ఆ పని వ్యవధి ఇవ్వలేదు. సాయంత్రానికి చేయి పైకి లేవని మనిషి కాగితం మీద గీత గీసి చూసుకుంటుందా? ఒకే పనిని వేలసార్లు చేయడంలో సృజన ఉంటే అది ముందుగా ఆసు పోసే ఆడవాళ్ళ దగ్గరే కనబడాలి. కనబడింది భుజాల నొప్పి.

దీనికి జవాబు కూడా నల్లగొండ జిల్లా నుంచే వచ్చింది. ఆలేరు దగ్గరి శారాజీపేటలో చింతకింది మల్లేశం అనే నేతకారుడు తన తల్లి లక్ష్మి పడుతున్న ఇదే నొప్పిని చూశాడు. బడి చదువు మధ్యలోనే ఆగిపోయింది. యంత్రశాస్త్రం ఎవరూ నేర్పలేదు. 1992లో ఆసు యంత్రం తయారు చేయాలని మొదలుపెట్టాడు. ఏడేళ్ళు పట్టింది. అప్పులు చేశాడు, ఊళ్ళో పిచ్చి పని అన్నవాళ్ళ మాటలు పడ్డాడు, పొట్టకోసం హైదరాబాద్ వెళ్ళి కరెంటు పనులు చేశాడు. యంత్రం దాదాపు పూర్తయి ఒకే ఒక్క కదలిక దగ్గర ఆగిపోయింది. 1999లో బాలానగర్‌లో ఒక పరిశ్రమలో పని మీద ఉండగా అక్కడ తిరుగుతున్న ఒక యంత్రంలో సరిగ్గా తనకు కావలసిన కదలికే కనబడింది. చిక్కు విడిపోయింది. నాలుగైదు గంటల పని గంటన్నరకు వచ్చింది. 2017లో ఆయనకు పద్మశ్రీ ఇచ్చారు, 2019లో ఆయన జీవితం మీద సినిమా కూడా వచ్చింది.

ఈ ఏడేళ్ళలో నియమవాదులు చెప్పే దినచర్య ఎక్కడుంది? ఒక రోజు పని దొరికింది, ఒక రోజు దొరకలేదు. ఒక నెల చేతిలో డబ్బుంది, మరో నెల చెక్క కొనడానికి కూడా లేదు. చివరి ఆలోచన తన బల్ల దగ్గర కాదు, పరుల కార్ఖానాలో, పరుల పని మీద ఉండగా తట్టింది. ఆ ఆలోచనను పట్టుకునేలా ఆయన్ని సిద్ధం చేసింది కళ్ళ ముందున్న తల్లి భుజం. ఆ ప్రశ్న ఆయన్ని ఏ వేళా వదల్లేదు. నిజంగా సృష్టించే మనిషికి గడియారం కంటే ఇట్లాంటి వదలని ప్రశ్న ముఖ్యం.

నియమవాదులు ఇక్కడ ఇంకొంచెం ఆగి ఆలోచించాలని కోరుతున్నాను. మా ప్రాంతంలో ఈ కాలంలో జరిగిన గొప్ప సృజన ఏదని అడిగితే నేను ఆసు యంత్రం పేరే చెబుతాను. ఆ సృజన చేసిన పనే ఒక దినచర్యను తీసిపారేయడం. రోజుకు 18,000 సార్లు చేతులు ఆడించడాన్ని "సాధన", "తపస్సు", "సంప్రదాయం" అని పొగుడుతూ కూర్చుంటే ఆ యంత్రం పుట్టేది కాదు. ఎప్పుడూ ఆసు ముందు కూర్చోనివాళ్ళే దాన్ని తపస్సు అంటారు.

ఒక మాట ఒప్పుకుంటాను, ఒప్పుకోకపోతే నేతకు అన్యాయం చేసినవాణ్ణవుతాను. కొన్ని పనులను రోజూ ఒకే తీరుగా చేయక తప్పదు. పుట్టపాకలో తేలియా రుమాలు నేస్తారు. చీరాల నుంచి వచ్చిన ఆ విద్యను నిలబెట్టినవారిలో గజం గోవర్ధన ఒకరు, ఆయనకు 2011లో పద్మశ్రీ వచ్చింది. 2020లో తేలియా రుమాలుకు భౌగోళిక గుర్తింపు దొరికింది. ఈ రుమాలుకు నూలును ముందు నూనెలో, ఆముదపు కాయల బూడిద నీళ్ళలో నానబెట్టి, పిండి, ఎండబెట్టాలి. మరుసటి రోజు మళ్ళీ అదే. రోజుల తరబడి ఇట్లా చేస్తేనే నూలు మెత్తబడి రంగును గట్టిగా పట్టుకుంటుంది. ఒక పూట ఎగ్గొడితే నూలు చెప్పేస్తుంది.

కానీ ఆ నియమాన్ని పెట్టింది ఎవరు? నూలు. నూనె, బూడిద, ఎండ కలిసి పెట్టిన లెక్క అది. నేతకారుడి మనసును పదును పెట్టడానికి కనిపెట్టిన ఆచారం కాదు. మబ్బు పట్టి ఎండ లేని రోజున నాలుగున్నరకు లేచినా ప్రయోజనం లేదు. వానాకాలంలో గుంట మగ్గంలోకి ఊట నీరు వస్తే నేత ఆగుతుంది, ఎంత క్రమశిక్షణ ఉన్న నేతగాడైనా చేతులు ముడుచుకోవలసిందే. వస్తువు అడిగినంత మేరకు నియమం పాటించడం పనితనం. వస్తువు అడగని నియమాన్ని మనిషి మీద మోపి, అది తప్పితే నువ్వు పనికిరావని చెప్పడం వేరే సంగతి. మన సభల్లో ఈ రెంటినీ కలిపేస్తున్నారు.

ఇక రచన దగ్గరికి వద్దాం, అసలు ప్రశ్న అక్కడే మొదలైంది గనక.

నకిరేకల్ దగ్గరి చెరువు మాదారంలో 1915లో పుట్టిన వట్టికోట ఆళ్వారుస్వామి ఇళ్ళల్లో వంట చేస్తూ చదువు నేర్చుకున్నాడు. హోటల్లో సర్వర్‌గా పని చేశాడు. 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి పుస్తకాలు అచ్చువేసి, తానే మోసుకుని ఊరూరా తిరిగి అమ్మాడు. నిజాం వ్యతిరేక పోరాటంలో జైలుకు వెళ్ళాడు. తెలంగాణ జీవితం మీద తొలి నవలల్లో ఒకటైన "ప్రజల మనిషి" ఈ మనిషే రాశాడు. పొద్దున వంట, మధ్యాహ్నం ప్రూఫులు, రాత్రి సంఘం పని, మధ్యలో అరెస్టు. 1961లో, నిండా యాభై ఏళ్ళు రాకముందే పోయాడు. ఆయన జీవితంలో రోజూ ఒకే కుర్చీలో కూర్చున్న ఏడాది ఒక్కటైనా ఉందా? జైలేతర జీవితంలో నాకైతే కనబడదు.

జైలు మాట వచ్చింది కాబట్టి అడుగుతాను. మనిషి దినచర్యను జైలు కంటే కచ్చితంగా నడిపే చోటు ఇంకేదైనా ఉందా? లేచే వేళ, తినే వేళ, పడుకునే వేళ, అన్నీ ముందే నిర్ణయమై ఉంటాయి. నిజామాబాద్ జైల్లో ఆళ్వారుస్వామి తోడి ఖైదీ దాశరథి కృష్ణమాచార్య. కాగితం కలం లేకపోతే ఆయన బొగ్గుముక్కతో గోడల మీద నిజాంకు వ్యతిరేకంగా పద్యాలు రాశాడు. ఆ తర్వాత తన "అగ్నిధార"ను ఆళ్వారుస్వామికే అంకితమిచ్చాడు. జైలు క్రమం ఆ పద్యాలను పుట్టించలేదు. ఆ క్రమాన్ని ధిక్కరించిన చేయి పుట్టించింది. వాటిని చదివి గుర్తు పెట్టుకునే మిత్రుడు పక్కనే ఉండటం ఇంకో కారణం.

మహబూబ్‌నగర్ వైపు చూసినా ఇదే. గద్వాల ప్రాంతపు ఇటిక్యాలపాడుకు చెందిన సురవరం ప్రతాపరెడ్డి 1926లో గోలకొండ పత్రిక మొదలుపెట్టాడు. నిజాం రాష్ట్రంలో తెలుగు కవులు లేరని ఒకరు రాస్తే ఆయనకు కోపం వచ్చింది. ఊళ్ళకు ఉత్తరాలు రాశాడు, పద్యాలు తెప్పించాడు. 1934లో 354 మంది కవులతో "గోలకొండ కవుల సంచిక" అచ్చు వేశాడు. అంతటి పనికి మూలం ఆయన దినచర్యలో వెతికితే దొరకదు. అవమానం మూలం, జవాబు చెప్పాలన్న పంతం మూలం, ఉత్తరం అందగానే పద్యం పంపిన వందల మంది మూలం.

సంగీతకారుల సాధన సంగతేమిటని అడుగుతారు. రోజూ వాయించకపోతే వేళ్ళు మొద్దుబారతాయి, ఇందులో వాదన లేదు. కానీ సాధనకు కావలసింది వాయిద్యం, వినేవాడు, కడుపులో ఇంత అన్నం. నాగర్‌కర్నూల్ జిల్లా, అంటే మా పాత పాలమూరుకు చెందిన కిన్నెర కళాకారుడు దర్శనం మొగిలయ్యను తీసుకోండి. పన్నెండు మెట్ల కిన్నెర వాయించే అరుదైన మనిషి. 2022లో పద్మశ్రీ వచ్చింది. రెండేళ్ళ తర్వాత, 2024లో, ఆయన ఒక నిర్మాణ స్థలంలో కూలి పని చేస్తూ కనబడ్డారని పత్రికలన్నీ రాశాయి. ఆయనకు వేకువజామున లేచే అలవాటు లోపించిందని ఎవరైనా అనగలరా? లోపించింది రేపటి కూడుకు భరోసా.

అలసత్వాన్ని సమర్థిస్తున్నానని కొందరు అంటారు. కాదు. పని చెయ్యకుండా ఏదీ పుట్టదు. ఏ వేళకు కూర్చుంటే తనకు పని సాగుతుందో తెలిసినవాళ్ళు ఆ వేళకు కూర్చోవాలి, అందులో నాకేమీ అభ్యంతరం లేదు. నా అభ్యంతరం అంతా ఆ సౌకర్యాన్ని గుణంగా మార్చి బోధించడం మీద. పాలమూరు నుంచి వలసపోయి ఊరూరా కట్టడాల దగ్గర గుడిసెల్లో బతికిన కుటుంబాల పిల్లలు ఈ సభల్లో కూర్చుని ఉంటారు. పత్తి ఏరివచ్చిన చేతులతో నోటుబుక్కు పట్టుకున్న పిల్లలు ఉంటారు. "నీకు నియమం లేదు, అందుకే రాయలేకపోతున్నావు" అని వాళ్ళకు చెబితే ఆ పిల్లలు నమ్ముతారు. లోపం తమదే అనుకుంటారు. గది లేకపోవడం, పుస్తకాలు లేకపోవడం, సాయంత్రం చేయవలసిన చాకిరి, ఇవన్నీ లెక్కలోంచి జారిపోతాయి. ఇంతకంటే పెద్ద హాని ఒక పెద్దమనిషి ఒక చిన్నపిల్లకు చేయలేడు.

కనుక వేదికల మీద మాట్లాడే మిత్రులకు నా విన్నపం ఇది. మీ దినచర్య చెప్పండి, సంతోషం. చెప్పేటప్పుడు ఆ వేళకు మీ ఇంట్లో పొయ్యి దగ్గర ఎవరున్నారో, నీళ్ళు ఎవరు పట్టారో, పిల్లల్ని ఎవరు చూశారో, ఆ పేర్లు కూడా చెప్పండి. ఆసు యంత్రం ఇంకా చేరని ఇళ్ళకు దాన్ని చేర్చే పని గురించి మాట్లాడండి. మండల గ్రంథాలయం కూలి నుంచి తిరిగివచ్చిన పిల్ల పోగలిగే వేళకు తెరిచి ఉండాలని అడగండి. ఇంటిపనిలో సగం మగవాళ్ళు చేస్తేనే రాయదలచుకున్న ఆడపిల్లకు రెండు గంటలు మిగులుతాయని ఆమె తండ్రికి, అన్నకు సభలోనే చెప్పండి.

సభల్లో కూర్చునే పిల్లలకు కూడా ఒక మాట. బస్సులో రాసినా, మిరప కల్లం దగ్గర రాసినా, నెలకొక్కసారి రాసినా అది రచనే. నాలుగున్నరకు లేవమని మీకు ఎవరైనా చెబితే, వాళ్ళను ఎవరు లేపుతున్నారో అడగండి.